ఎక్కడ దిగాలి?

హైదరాబాద్ రైలెక్కిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు అడిగిన ప్రశ్నే ఇది. దానికి జవాబు చెప్పాలంటే మాత్రం నూటయాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తెల్లవారుజాము నాలుగున్నర. రైలు ఘట్‌కేసర్ దాటింది. బోగీలో ఒక్కొక్కరే లేస్తున్నారు. తెనాలిలో ఎక్కిన పెద్దాయన సీటు కింద చెప్పుల కోసం తడుముకుంటూ ఉండగానే జేబులో ఫోను మోగింది.

‘‘బాబాయ్, లేచారా? ఎక్కడ దిగుతున్నారు?’’

‘‘నువ్వే చెప్పరా, ఎక్కడ దిగమంటావు?’’

‘‘సికింద్రాబాద్‌లో దిగెయ్యండి. నాంపల్లి దాకా వచ్చారంటే ఇంకో ముప్పావుగంట. పిన్నికి మోకాళ్ల నొప్పులు కదా, ఒకటో నంబరు వైపు రమ్మనండి. నేను బయటే ఉంటా.’’

ఫోను పెట్టేసేలోగా రైలు ఆగిపోయింది. స్టేషన్ కాదు. ‘‘ఔటరు’’ అన్నారెవరో ఆవలిస్తూ. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా మౌలాలి చీకట్లో పడిగాపులు తప్పవని తరచూ వచ్చేవాళ్లందరికీ తెలుసు. అందరూ లేచి, సామాన్లు సర్దుకుని, తలుపు దగ్గర వరసగా నిలబడి... మళ్లీ కూర్చుంటారు.

విజయవాడ వెళ్లేవాణ్ని ఎక్కడ దిగుతావని ఎవరూ అడగరు. తిరుపతి వెళ్లేవాణ్నీ అడగరు. హైదరాబాద్ వచ్చేవాణ్ని మాత్రం అడగకుండా ఉండరు. సికింద్రాబాదా, నాంపల్లా, కాచిగూడా? 2025 నుంచి నాలుగోది కూడా చేరింది... చర్లపల్లి. ఒక ఊరికి ఇన్ని పెద్ద స్టేషన్లు ఎందుకొచ్చాయి? వచ్చినవైనా చార్మినార్‌కు దగ్గర్లో ఒక్కటీ ఎందుకు లేదు? ఊరిని చూసి స్టేషన్ కట్టడం హైదరాబాద్‌లో ఏనాడూ జరగలేదు. ఎవరికో ఒకరికి ఏదో ఒక అవసరం వచ్చింది, స్టేషన్ వెలిసింది. ఊరే తర్వాత నడుచుకుంటూ దాని దగ్గరికి వెళ్లింది.

దండు కోసం వచ్చిన రైలు

1870 నాటి హైదరాబాద్ అంటే మూసీకి దక్షిణాన చార్మినార్ చుట్టూ గోడ కట్టుకున్న నగరం. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన, అక్కడికి తొమ్మిది పది కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊరు ఉండేది. అది ఇంగ్లిషు సైన్యం దిగిన దండు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో దానికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. నగరం నిజాముది, దండు తెల్లవాళ్లది.

అప్పటికే బొంబాయి నుంచి మద్రాసుకు రైలు దారి సిద్ధమైంది. బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి నిజాం రాజ్యపు పడమటి అంచు మీదుగా, వాడి అనే చిన్న ఊరిని తాకుతూ వెళ్లింది. రాజధానికి మాత్రం దూరంగానే ఉండిపోయింది. దక్కనులో తమ అతిపెద్ద దండుల్లో ఒకటైన సికింద్రాబాద్‌కు రైలు లేకపోతే ఎలాగన్నది ఇంగ్లిషువాళ్ల ఆందోళన. 1857 తిరుగుబాటు జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. సైన్యాన్ని వారాల తరబడి నడిపించే రోజులు పోవాలన్నది వాళ్ల పట్టుదల.

1870లో ఒప్పందం కుదిరింది. డబ్బు నిజాం ప్రభుత్వానిది, పెత్తనం ఇంగ్లిషువాళ్లది. వాడి నుంచి తాండూరు, వికారాబాద్, లింగంపల్లి, బేగంపేటల మీదుగా సుమారు 190 కిలోమీటర్ల పట్టాలు వేశారు. 1874లో రైలు వచ్చింది. సింహాసనం మీదున్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అప్పుడు ఎనిమిదేళ్లు. రాజ్యం నడుపుతున్నది దివాన్ సాలార్‌జంగ్.

ఆ పట్టాలు వెళ్లి ఆగింది చార్మినార్ దగ్గర కాదు, దండు దగ్గర. నిజాం ఖజానా డబ్బుతో వచ్చిన రైలు నిజాం రాజధానిని హుస్సేన్‌సాగర్ అవతలి ఒడ్డు నుంచి పలకరించి ఊరుకుంది. రైలెక్కాలంటే నగరవాసి జట్కా కట్టించుకుని చెరువు కట్ట దాటి వెళ్లాల్సిందే. సికింద్రాబాద్ స్టేషన్ పుట్టుక అదీ. ఇవాళ రాష్ట్రంలోకెల్లా పెద్ద స్టేషన్ అదే. స్టేషన్ చుట్టూ మోండా మార్కెట్, చిలకలగూడ, రేతిఫైల్ బస్టాండు... ఊరు కమ్ముకుంది. దండుకని వేసిన దారి జనం దారి అయిపోయింది.

బొగ్గు, బెజవాడ, ఓ బహిష్కరణ

రైలు వచ్చింది కానీ ఆదాయం రాలేదు. సికింద్రాబాద్‌లో ఆగిపోయిన పట్టాలకు అవతల సరుకు లేదు. ఆ సమయంలోనే ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు బయటపడింది. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల మొదట్లో దాని జాడ కనిపెట్టాడు. బొగ్గును బయటికి తేవాలంటే పట్టాలు తూర్పుకు సాగాలి. వరంగల్లు మీదుగా బెజవాడ దాకా, మరోవైపు చాందా దాకా లైన్లు వేయాలని 1880ల్లో ఓ పథకం తయారైంది. దీన్నే చాందా రైల్వే పథకం అన్నారు. రాజ్యం చేతిలో ఉన్న లైను లండన్‌లో పెట్టే ఓ కంపెనీ చేతికి వెళ్తుంది. ఆ కంపెనీ పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి 20 ఏళ్లపాటు వచ్చేలా నిజాం ఖజానా హామీ ఉంటుంది. లాభం తగ్గితే ఆ తేడా రాజ్యం కట్టాలి.

నగరంలో కొందరు చదువుకున్నవాళ్లకు ఈ లెక్క మింగుడు పడలేదు. షరతులేమిటో జనానికి చెప్పండి, తర్వాత సంతకాలు పెట్టండి అన్నారు. అలా అడిగినవాళ్లలో ముందున్నది అఘోరనాథ్ చటోపాధ్యాయ. హైదరాబాద్‌లో ఇంగ్లిషు చదువులకు పునాది వేసిన అధ్యాపకుడు, తర్వాత నిజాం కాలేజీ అయిన విద్యాసంస్థకు తొలి ప్రిన్సిపల్. 1883 మేలో ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించి, రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. అప్పటికి ఆయన కూతురు నాలుగేళ్ల పిల్ల. ఆ పిల్లే సరోజినీ నాయుడు. కొన్నాళ్లకు అఘోరనాథ్‌ను మళ్లీ పిలిపించుకున్నారు కానీ, హైదరాబాద్ రాజ్యంలో జనం తరఫున ఒక ప్రశ్న లేచి నిలబడటం అదే తొలిసారి అని చరిత్రకారులు చెబుతారు. దానికి కారణం పన్నూ కాదు, మతమూ కాదు. రైలు పట్టాలు!

పథకం మాత్రం ఆగలేదు. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పుట్టింది. పేరులోని ‘గ్యారంటీడ్’ ఆ 5 శాతం హామీనే. 1886కు వరంగల్లు, 1889కి బెజవాడ పట్టాలెక్కాయి. డోర్నకల్ నుంచి బొగ్గు గనులకు ఓ పాయ వెళ్లింది. పదేళ్లు తిరిగేసరికి బెజవాడ నుంచి అటు కలకత్తా వైపు, ఇటు మద్రాసు వైపు దారులు తెరుచుకున్నాయి. కోస్తా వాళ్లకు హైదరాబాద్‌ రైలు దారి ఏర్పడింది అలా. ఇవాళ తెనాలి బాబాయి వచ్చే దారికి మూలం ఇల్లెందు బొగ్గు.

పట్టాలు అయిపోయే చోటు

మరి హైదరాబాద్ పేరు మీద స్టేషన్ ఏదీ? టికెట్ మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటుంది, కంప్యూటర్‌లో హెచ్‌వైబీ. జనం నోట్లో మాత్రం నాంపల్లి టేషన్. ప్రధాన లైను మీద హుస్సేన్‌సాగర్ దగ్గర నుంచి దక్షిణానికి ఓ చిన్న పాయ చీలి, లక్డీకాపూల్ దాటి, పబ్లిక్ గార్డెన్స్ పక్కనే ఆగిపోతుంది. ఇప్పుడున్న స్టేషన్ 1907 నాటిదని రైల్వే చెబుతుంది. మహబూబ్ అలీఖాన్ పాలన అప్పటికి ఇంకా నడుస్తోంది.

1901 లెక్కల ప్రకారం హైదరాబాద్ జనాభా దాదాపు నాలుగున్నర లక్షలు. దేశంలోని పెద్ద నగరాల్లో ఒకటి. అంత ఊరికి రైలు కాస్త దగ్గరికి వచ్చింది నాంపల్లితోనే. అయితే మూసీ దాటి మాత్రం రాలేదు.

మిగతా స్టేషన్లకూ నాంపల్లికీ ఓ పెద్ద తేడా ఉంది. సికింద్రాబాద్, కాచిగూడల్లో రైలు ఇటు వచ్చి అటు వెళ్లొచ్చు. నాంపల్లిలో పట్టాలు గోడ దగ్గర అయిపోతాయి. వచ్చిన రైలు వెనక్కే వెళ్లాలి. ఇంజన్ విప్పి అటు చివర తగిలించాలి. ఒక రైలు బయటికి వెళ్తే తప్ప ఇంకోటి లోపలికి రాలేదు. 2024 జనవరి 10న చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆగాల్సిన చోట ఆగకుండా చివరిదాకా వెళ్లిపోయింది. మూడు బోగీలు పట్టాలు తప్పాయి, కొందరికి స్వల్ప గాయాలయ్యాయి. పట్టాలు అక్కడితో అయిపోతాయన్న సంగతి ఊరందరికీ గుర్తొచ్చింది ఆ రోజే.

కానీ ప్రయాణికుడికి ఆ గోడే ధైర్యం. నిద్రపోయినా ఫరవాలేదు, ఊరు దాటిపోదు. దిగితే ఎదురుగానే లాడ్జీలు, యూసుఫైన్ దర్గా, నాలుగడుగులేస్తే అసెంబ్లీ. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది, అదీ ఈ స్టేషన్ పక్కనే. మృగశిర కార్తెకు చేపమందు కోసం దేశం నలుమూలల నుంచి వచ్చే ఉబ్బసం రోగులకూ ఎన్నో ఏళ్లు ఇదే గుమ్మం.

పరదాల స్టేషన్

ఇదే కాలంలో ఇంకో రకం పట్టాలు వచ్చాయి. బెజవాడ, వాడి దారులు బ్రాడ్‌గేజ్, అంటే పట్టాల మధ్య అయిదున్నర అడుగులు. ఖర్చు తగ్గుతుందని నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్‌ల మీదుగా మన్మాడ్‌కు వేసింది మీటర్‌గేజ్. పేరు హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే. 1901 నాటికి ఆ దారి పూర్తయింది. మరాఠ్వాడా పత్తి దాని మీదే కదిలింది. 1916లో దక్షిణానికి మహబూబ్‌నగర్, గద్వాల వైపు మరో మీటర్‌గేజ్ లైను సాగింది. ఈ చిన్న పట్టాలకు ఓ పెద్ద ఇల్లు కావాలి. అదే కాచిగూడ.

అప్పటికి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి కొద్ది ఏళ్లయింది. కొత్త హైదరాబాద్ కట్టాలన్న తపన ఆయనది. అందుకు తెచ్చుకున్న వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి ఆయన గీసినవే. వాటికన్నా ముందు గీసినవాటిలో ఒకటి కాచిగూడ స్టేషన్. మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన మినార్లు, కమాన్లు. చూస్తే రాతి కట్టడంలా కనిపిస్తుంది కానీ, ముందే పోతపోసుకున్న కాంక్రీటు ముక్కలతో కట్టారు. ఆ రోజుల్లో దేశానికే కొత్త పద్ధతి అది. 1916 నుంచి అక్కడ రైళ్లు నడుస్తున్నాయి.

దాని కట్టుబడిలోనే ఆనాటి నగరం కనిపిస్తుంది. ఘోషా పాటించే స్త్రీల కోసం విడిగా దారి, విడిగా గది పెట్టారు. పరదా కట్టిన బండి దిగి, పరాయి కంటపడకుండా లోపలికి వెళ్లి, జనానా పెట్టె ఎక్కే వీలు. సికింద్రాబాద్‌ను సైనికుడి కోసం కడితే, కాచిగూడను ఇంటి ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టారన్నమాట.

పాతబస్తీకి ఏదైనా రైలు దగ్గరగా వచ్చిందంటే అది ఈ లైనే. కాచిగూడ దాటాక మూసీని దాటి మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఫలక్‌నుమాల మీదుగా వెళ్తుంది. కానీ అవన్నీ చిన్న స్టేషన్లు. దూరప్రాంత రైళ్లు బయల్దేరే టెర్మినల్ మూసీ అవతల ఆనాడూ లేదు, ఆ తర్వాతా రాలేదు.

రెండు రకాల పట్టాలతో ఓ చిక్కు ఉండేది. మన్మాడ్ వైపు నుంచి వచ్చిన మూట బెజవాడ వెళ్లాలంటే ఒక పెట్టెలోంచి దించి ఇంకో పెట్టెలోకి ఎక్కించాల్సిందే. మనుషులదీ అదే పాట్లు. సామాను నెత్తిన పెట్టుకుని పెద్ద రైలు దిగి చిన్న రైలు కోసం పరుగు. దశలవారీగా ఆ లైన్లన్నీ బ్రాడ్‌గేజ్ అయి ఈ బెడద తీరేసరికి 2000ల తొలినాళ్లు వచ్చేశాయి.

స్టేషన్ నుంచి ఇంటికి

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. ‘గ్యారంటీడ్’ అన్న మాట పోయి నిజామ్స్ స్టేట్ రైల్వే మిగిలింది. అంతకు కాస్త ముందే, 1929 ప్రాంతంలో, కాజీపేట నుంచి బల్హార్షా దాకా లైను పూర్తయి ఢిల్లీ-మద్రాసు దారి నేరుగా కలిసింది. అదీ రాజధాని మీదుగా పోలేదు. దేశాన్ని నిలువునా కలిపే దారికి జంక్షన్ అయింది కాజీపేట. హైదరాబాద్ మళ్లీ పక్కనే ఉండిపోయింది.

సొంత చేతికి వచ్చాక రైల్వే చేసిన పనుల్లో గొప్పది రైలు పని కాదు, బస్సు పని. స్టేషన్ దాకా జనం ఎలా రావాలన్న ప్రశ్నను రైల్వేనే తలకెత్తుకుంది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం తెరిచింది. మన ఆర్టీసీకి పుట్టిల్లు అదే. తర్వాత విమానాల్లోనూ అడుగుపెట్టింది. 1940ల్లో వచ్చిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో పెద్ద వాటా నిజాం రైల్వేది. రైలు, బస్సు, విమానం... మూడూ ఒకే ఇంటి పిల్లలు. రైలు దిగినవాణ్ని గమ్యం దాకా చేర్చే బాధ్యత కూడా రైల్వేదే అనుకున్న కాలం ఒకటి ఈ ఊళ్లోనే ఉండేదంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

1951లో నిజాం రైల్వే కేంద్రం చేతికి వెళ్లి సెంట్రల్ రైల్వేలో కలిసింది. బస్సులు వేరే దారి పట్టాయి. ఆ పాత సంసారం అక్కడితో విడిపోయింది.

పేరు ఒకరిది, ఊరు ఒకరిది

1956లో హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయింది. సచివాలయంలో పనులు, కాలేజీల్లో సీట్లు, ఇంటర్వ్యూలు, పెద్దాస్పత్రులు... అన్నిటికీ రైలే దిక్కు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కూడా సికింద్రాబాద్‌కే దక్కింది. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు నుంచి హైదరాబాద్‌కు మొదలైన రైలే గోదావరి ఎక్స్‌ప్రెస్. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి రాజధానికి వచ్చిన ఒక తరానికి అది రైలు కాదు, ఇంటి మనిషి. 2024లో దానికి యాభై ఏళ్లు నిండాయి.

ఇక్కడో తమాషా ఉంది. రైల్వేలో సికింద్రాబాద్ డివిజన్, హైదరాబాద్ డివిజన్ అని రెండున్నాయి. హైదరాబాద్ డివిజన్ ఆఫీసు ఉన్నది సికింద్రాబాద్‌లో. హైదరాబాద్ అన్న బోర్డు పెట్టుకున్న నాంపల్లి స్టేషనేమో సికింద్రాబాద్ డివిజన్ కిందికొస్తుంది! కాచిగూడ హైదరాబాద్ డివిజన్‌ది. ఊరెలా ఎదిగిందో తెలియనివాళ్లకు ఇది గందరగోళం. తెలిసినవాళ్లకు దండు, నగరం, పెద్ద పట్టాలు, చిన్న పట్టాలు మిగిల్చిన పంపకాలు.

ఈ ముక్కలను కలిపే ప్రయత్నం 2003 ఆగస్టు 9న జరిగింది. సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లిలను కలుపుతూ ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. దండుకనీ పత్తికనీ వేసిన పట్టాల మీద ఊళ్లోవాళ్లు ఊళ్లోకే వెళ్లడానికి రైలెక్కారు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. సికింద్రాబాద్‌కు, నాంపల్లికి దగ్గర్లోనే మెట్రో స్టేషన్లు వెలిశాయి. ప్రశ్నకు జవాబు దొరికినట్టే అనిపించింది.

జైలు ఊరికి కొత్త గుమ్మం

కానీ ఊరు ఆగదు కదా. 2011 లెక్కలకే నగర జనాభా 67 లక్షలు దాటింది. సికింద్రాబాద్‌లో ఉన్నవి పది ప్లాట్‌ఫారాలు. చుట్టూ ఇళ్లు, దుకాణాలు, రోడ్లు. పదకొండోది కట్టడానికి జాగా లేదు. నాంపల్లిలో గోడ అడ్డం. కాచిగూడలోనూ చోటు తక్కువే. అందుకే ఔటర్‌లో ఆ పడిగాపులు. మరో టెర్మినల్ కావాలన్న రైల్వే మాటలో అబద్ధం లేదు.

జాగా దొరికింది చర్లపల్లిలో. అప్పటిదాకా చర్లపల్లి అంటే జనానికి గుర్తొచ్చేవి రెండే, సెంట్రల్ జైలు, పారిశ్రామికవాడ. కాజీపేట లైను మీద చిన్న స్టేషన్ అది. 400 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో తొమ్మిది ప్లాట్‌ఫారాల టెర్మినల్‌గా మార్చారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, అద్దాల ముఖద్వారం... 2025 జనవరి 6న ప్రధాని నరేంద్ర మోదీ ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. ఆ మార్చిలోనే చెన్నై రైలు, గోరఖ్‌పూర్ రైలు అక్కడికి మారాయి.

అదే సమయంలో సికింద్రాబాద్‌లో గునపాలు దిగాయి. 700 కోట్ల రూపాయలకు పైబడిన పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. 2025 ఫిబ్రవరిలో పాత ముఖభాగాన్ని కూల్చేశారు. కోట బురుజుల్ని తలపించే ఆ ముంగిట్లో ఫొటో దిగని కుటుంబం, ‘బోర్డు కింద నిలబడు, వస్తున్నా’ అని చెప్పుకోని స్నేహితులు తక్కువ. అది పడిపోతుంటే రోడ్డు మీద ఆగి చూసినవాళ్లు, ఫోన్లలో వీడియో తీసుకున్నవాళ్లు ఎందరో. పనులకు అడ్డం కాకుండా చాలా రైళ్లను చర్లపల్లికి, కాచిగూడకు, నాంపల్లికి మళ్లించారు.

ఇక మొదలైంది కొత్త ప్రశ్న. చర్లపల్లి దిగాక ఎలా? అది తెరిచిన నాటికి మెట్రో ఆ వైపు లేదు. 2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా ఎంఎంటీఎస్ వచ్చినా రోజుకు తిరిగే రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. స్టేషన్‌కు వెళ్లే రోడ్లు ఇరుకు. అర్ధరాత్రి దిగినవాడికి ఆటోవాడు చెప్పిందే రేటు. కారున్నవాడికి ఇదో లెక్క కాదు. రిజర్వేషన్ లేని పెట్టెలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కూలీకి, ఆస్పత్రికని పల్లె నుంచి బయల్దేరిన ముసలామెకు, పరీక్ష రాయడానికి తొలిసారి నగరం చూస్తున్న పిల్లవాడికి మాత్రం పెద్ద లెక్కే. రైలు టికెట్ కన్నా ఆటోకే ఎక్కువైందన్న మాట ఆ స్టేషన్ ముందు కొత్తేమీ కాదు.

నూటయాభై ఏళ్ల కిందట చార్మినార్ దగ్గరి మనిషి జట్కాకు డబ్బులిచ్చి హుస్సేన్‌సాగర్ అవతలికి వెళ్లాడు. ఇప్పుడు అతని మునిమనవడు ఆటోకు డబ్బులిచ్చి చర్లపల్లికి వెళ్తున్నాడు. స్టేషన్ ఎక్కడ కట్టాలో తేల్చేవాళ్లు మారారు, కారణాలు మారాయి. దూరం ఖర్చు పెట్టుకునేవాడు మాత్రం మారలేదు.

అలాగని చర్లపల్లి కట్టడం తప్పనలేం. సికింద్రాబాద్ కూడా ఒకప్పుడు ఊరి అవతలే. ఊరే వెళ్లి దాన్ని కలుపుకుంది. చర్లపల్లినీ రేపు కలుపుకుంటుంది, సందేహం లేదు. కాకపోతే ఊరు నడిచి వెళ్లేదాకా మనిషి నడవాల్సి వస్తుంది. 1932లో ఇదే ఊళ్లో ఇదే చిక్కుకు 27 బస్సులతో జవాబు చెప్పారు. పట్టాలు ఎక్కడ అయిపోతాయో అక్కడి నుంచి ప్రయాణికుడి పని మొదలవుతుందని వాళ్లకు తెలుసు. స్టేషన్ అంటే ప్లాట్‌ఫారమూ, అద్దాల ముఖద్వారమూ మాత్రమే కాదు. అక్కడి నుంచి ఇంటిదాకా ఉన్న దారి కూడా.

ఔటర్‌లో ఆగిన రైలు కదిలింది. తెనాలి పెద్దాయన సంచీ భుజానికి తగిలించుకున్నాడు. ఫోను మళ్లీ మోగింది.

‘‘బాబాయ్, తిరుగు ప్రయాణం టికెట్ చూశాను. అది చర్లపల్లి నుంచట.’’

‘‘అదెక్కడుందిరా?’’

‘‘ఇప్పుడే దాటొచ్చారు బాబాయ్...’’